ముందు చక్రాలకు మూడు పనులు

ఇంట్లో ఒక్కరే వంట చేసి, వడ్డించి, అంట్లు కూడా తోముకోవాల్సివస్తే ఏమవుతుంది? నాలుగు రోజులు ఓర్చుకుంటారు. ఐదోరోజు గిన్నెల చప్పుడు పెరుగుతుంది! ముందు చక్రాలతో నడిచే రేసు కారులో ముందు టైర్ల పరిస్థితి అచ్చం అదే. బండిని లాగేది అవే. మలుపులో తిప్పేదీ అవే. బ్రేకు వేయగానే బరువంతా వచ్చి పడేది కూడా వాటిమీదే. వెనక టైర్లేమో పెళ్లికి వెళ్లిన చుట్టాల్లా ఊరికే వెంట వస్తుంటాయి.

విజయవాడలో ఉండే నలభై రెండేళ్ల ఇంజినీరు ఒకాయనకు ఈ సంగతి తెలియడానికి రెండు నెలలు పట్టింది. అదీ రోడ్డుమీద కాదు, తన ఇంట్లోనే... పడగ్గది మూలన బిగించుకున్న స్టీరింగ్ ముందు కూర్చుని.

దీన్ని సిమ్ రేసింగ్ అంటారు. పిల్లలాడే వీడియో గేమ్ అనుకుంటే పొరపాటే. స్టీరింగ్ వెనక మోటారు ఉంటుంది. టైరు పట్టు దొరికినప్పుడు చక్రం చేతుల్లో బరువెక్కుతుంది, పట్టు జారితే తేలికైపోతుంది. బ్రేకు పెడల్ ఎంత దూరం కదిలిందన్నది కాదు, కాలితో ఎంత బలంగా నొక్కామన్నది లెక్క. 2008లో మొదలైన ఐరేసింగ్ లాంటి వాటిలో ట్రాకుల్ని లేజర్‌తో కొలిచి తయారుచేశారు. అసలు రోడ్డుమీద గతుకు ఎక్కడుంటే తెరమీదా అక్కడే ఉంటుంది.

ఆయనకు ఈ సరదా అంటించింది తమ్ముడు. ఉద్యోగరీత్యా ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాడు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు అన్న విజయవాడలో కూర్చుంటే, వేసవిలో అక్కడ తమ్ముడికి సాయంత్రం ఐదు. మరో నలుగురైదుగురు స్నేహితులూ కలుస్తారు. పావుగంట ప్రాక్టీసు, ఓ అరగంట రేసు. అంతే కార్యక్రమం.

తండ్రి పోయిన ఏడాదికి తెనాలిలో ఇల్లు ఏం చేయాలన్న మాట వచ్చింది. అమ్మేద్దామన్నాడు తమ్ముడు. నాన్న కట్టిన ఇల్లు, అమ్మేది లేదన్నాడు అన్న. మాటమీద మాట పెరిగింది. ఫోన్లు ఆగిపోయాయి. ఇద్దరి కబుర్లూ అమ్మ నోటిమీదుగానే అటూఇటూ తిరిగేవి. విచిత్రం ఏమిటంటే... శనివారం రేసు మాత్రం ఆగలేదు. మానేద్దామని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. అక్కడ మాట్లాడుకోవాల్సిన అవసరం లేదు మరి!

కారు మారింది... కథ మారింది

అప్పటిదాకా అందరూ నడిపింది జీటీ3 కార్లు. ఆయనకు అలవాటైంది బీఎండబ్ల్యూ ఎం4. ఇంజిను ముందుంటుంది, బలం వెనక చక్రాలకు వెళుతుంది. బ్రేకు ఎక్కువైతే చక్రాలు బిగుసుకుపోకుండా ఏబీఎస్, యాక్సిలరేటర్ ఎక్కువైతే జారకుండా ట్రాక్షన్ కంట్రోల్ కాపాడతాయి. ఓ శనివారం అందరూ కలిసి టీసీఆర్ తరగతికి మారదామన్నారు. ఆడీ ఆర్ఎస్3 ఎల్ఎంఎస్ ఎంచుకున్నారు.

టీసీఆర్ అనేది 2015లో మొదలైన టూరింగ్ కార్ల తరగతి. మన వీధుల్లో తిరిగే కార్ల పోలికలోనే ఉండే బండ్లు. రెండు లీటర్ల టర్బో ఇంజిను, దాదాపు 350 గుర్రాల శక్తి, అదంతా ముందు చక్రాలకే. జీటీ3 కంటే వేగం తక్కువ కాబట్టి ఇంకా తేలిగ్గా ఉంటుందనుకున్నాడాయన.

మొదటి రేసులో నాలుగుసార్లు గింగిరాలు తిరిగి ఆఖరున వచ్చాడు. తమ్ముడు గెలిచాడు.

నిజానికి ఆయన రోజూ ఆఫీసుకు వెళ్లేది ముందు చక్రాల కారులోనే. 1983లో మారుతి 800 వచ్చింది మొదలు మన ఇళ్లలో చిన్న కార్లు చాలావరకు ఇలాంటివే. అంతకుముందు నాటి అంబాసిడర్, పద్మిని వెనక చక్రాలతో నడిచేవి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో నలభై కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు ఏ చక్రం లాగుతోందో ఎవరికి పట్టింది? టైరును దాని శక్తి చివరిదాకా తీసుకెళ్లినప్పుడే తేడా బయటపడుతుంది.

వాళ్లు పోటీ పడుతున్నది ఇంగ్లాండులోని బ్రాండ్స్ హాచ్ ఇండీ ట్రాక్‌మీద. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. నిమిషంలోపే ఒక చుట్టు అయిపోతుంది. చిన్నదే కానీ మొదటి మలుపు పాడక్ హిల్ దగ్గరే అందరి లెక్కలూ తేలిపోతాయి. కుడివైపు తిరుగుతూనే రోడ్డు ఒక్కసారిగా కిందకు జారిపోతుంది. బ్రేకు వేసిన బరువు ముందుకు, పల్లం వల్ల ఇంకాస్త ముందుకు. వెనక చక్రాలు దాదాపు గాల్లో దీపాలే. పైగా వాటికి లాగే పని లేదు కాబట్టి త్వరగా వేడెక్కవు. వేడెక్కని రబ్బరుకు పట్టు తక్కువ. మొదటి చుట్టులోనే ఎక్కువమంది ఇక్కడ తిరగబడటానికి కారణం ఇదే.

ఆయనేం చేశాడు? కారును తిట్టుకున్నాడు. సెటప్ పేజీ తెరిచి టైరు గాలి తగ్గించాడు. స్ప్రింగులు మార్చాడు. బ్రేకు బలం వెనక్కి జరిపాడు. వెనక వింగ్ పెంచాడు. ఒకేసారి ఐదారు మార్పులు! బండి ఓసారి మలుపు తిరగనని మొండికేసింది, మరోసారి బొంగరమైంది. ఏ మార్పు వల్ల ఏది జరిగిందో తెలిస్తే ఒట్టు. జ్వరానికీ దగ్గుకీ కడుపునొప్పికీ మందులన్నీ ఒకేపూట మింగితే ఏది పనిచేసిందో వైద్యుడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

మాట లేని ఉత్తరం

మూడో శనివారం రేసు ముగిశాక ఆయన ఫోన్లో చిన్న శబ్దం. తమ్ముడు ఒక ఫైలు పంపాడు. అతని కారు సెటప్. కింద ఒక్క మాట లేదు. ‘బాగున్నావా’ అని కూడా లేదు.

ఆశగా దాన్ని ఎక్కించి ట్రాక్‌మీదకు వెళ్లాడు. పాడక్ హిల్ దగ్గర బ్రేకు వేసి స్టీరింగ్ తిప్పాడో లేదో... కారు వెనక భాగం ముందుకొచ్చేసింది. మళ్లీ వెళ్లాడు, మళ్లీ అంతే. ఎనిమిది చుట్లలో ఆరుసార్లు ఇసుకలో పడ్డాడు. ‘కావాలనే ఇలాంటిది పంపాడా?’ అన్న అనుమానం వచ్చింది. ఇంటి గొడవ గుర్తొచ్చింది. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

రెండు రోజుల తర్వాత స్థిమితంగా ఆ అంకెలు ఒక్కొక్కటే చూశాడు. ఎంతైనా ఇంజినీరు కదా! వెనక యాంటీ రోల్ బార్ బాగా గట్టిగా ఉంది. మలుపులో కారు ఒరగకుండా రెండువైపుల చక్రాల్నీ కలిపి పట్టుకునే కమ్మీ అది. వెనక అది గట్టిపడేకొద్దీ వెనక టైర్ల పట్టు తగ్గుతుంది. టూరింగ్ కార్ల ఫొటోల్లో మలుపు లోపలివైపు వెనక చక్రం నేలను వదిలి పైకి లేచి ఉండటం చూస్తుంటాం కదా... దానికి ముఖ్య కారణం ఇదే. అది తప్పు కాదు, కావాలని చేసిందే. అలసిపోయే ముందు టైర్లకు సాయంగా వెనకభాగాన్ని కాస్త వదులు చేసి, కారు దానంతటదే తిరిగేలా చూడటమన్నమాట.

అంతవరకూ తెలిసింది. మరి తమ్ముడు పడిపోకుండా ఎలా నడుపుతున్నాడు? అడగాలి. అడిగితే తను తగ్గినట్టు! ఒక రోజంతా ఆలోచించి, ఏడు నెలల్లో మొదటిసారి సందేశం పెట్టాడు... ‘వెనక బార్ ఎందుకురా అంత గట్టిగా పెట్టావు?’

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

‘అన్నయ్యా, వెనక జారగానే నువ్వు యాక్సిలరేటర్ వదిలేస్తున్నావు కదూ?’ అన్నాడు తమ్ముడు. పలకరింపుల్లేవు, నేరుగా విషయమే. ‘వదలకు. తొక్కు!’

ఆయన నలభై ఏళ్ల బుద్ధి దానికి ఒప్పుకోదు. బండి అదుపు తప్పుతుంటే ఇంకా తొక్కడమా? కానీ లెక్క సరిగ్గానే ఉంది. కాలు తీసేస్తే బరువు ముందుకు వెళ్లి వెనక చక్రాలు ఇంకా తేలికవుతాయి, ఇంకా జారతాయి. తొక్కితే బరువు వెనక్కి వస్తుంది, ముందు చక్రాలు కారు ముక్కును పట్టుకుని తిన్నగా లాగేస్తాయి. వెనక చక్రాల కారులో జారుతున్నప్పుడు తొక్కితే కొంప మునుగుతుంది. ఇక్కడ అదే గట్టెక్కిస్తుంది.

రెండో సంగతీ చెప్పాడు. మలుపు మధ్యలో కారు తిరగడంలేదని స్టీరింగ్ ఇంకా తిప్పకూడదు. అప్పటికే మోయలేని టైరు మీద ఇంకో బస్తా వేసినట్టే. కొంచెం ముందుగా వేగం తగ్గించి, బ్రేకును ఒక్కసారిగా కాక మెల్లగా వదులుతూ కారును తిప్పుకోవాలి. స్టీరింగ్ తిన్నగా వస్తుంటేనే పూర్తిగా తొక్కాలి. లేకపోతే ఐదు చుట్లు బాగానే ఉంటాయి, ఆరో చుట్టుకు ముందు టైర్లు కాగిపోయి గాలి ఒత్తిడి పెరిగి కారు గోడవైపు చూస్తుంది.

ఆ ఫోను గంటన్నర నడిచింది. ఇంటి మాట ఇద్దరూ ఎత్తలేదు.

మర్నాడు తమ్ముడి దగ్గర్నుంచి ఇంకో ఫైలు వచ్చింది. పేరు ‘అన్నయ్య 1’. వెనక బార్ ఒక మెట్టు తగ్గించి ఉంది. మిగతావన్నీ పాతవే. ‘ఇది అలవాటయ్యాక చెప్పు, ఇంకోటి మారుద్దాం. ఒకసారికి ఒకటే’ అని రాశాడు కింద.

వయసుతో పనేముంది?

తనకిక చేతులు మొద్దుబారాయేమోనని ఆయన బెంగపడ్డ రోజులూ ఉన్నాయి. అలాంటివారు ఇటలీ డ్రైవర్ గాబ్రియేలే టార్క్వీనీ గురించి తెలుసుకోవాలి. 1994లో ఆల్ఫా రోమియోతో బ్రిటిష్ టూరింగ్ కార్ల పోటీ గెలిచాడు. 2009లో సియట్ కారుతో ప్రపంచ టూరింగ్ కార్ల విజేత అయ్యాడు. 2018లో టీసీఆర్ కార్లతో మొదలైన డబ్ల్యూటీసీఆర్ తొలి టైటిల్ కూడా హ్యుందాయ్ ఐ30తో అతనే ఎగరేసుకుపోయాడు. అప్పటికి అతని వయసు 56! మూడూ ముందు చక్రాల కార్లే. ఆ డబ్ల్యూటీసీఆర్ 2022తో ముగిసిపోయింది కానీ, అదే తరగతి కార్లతో 2023లో టీసీఆర్ వరల్డ్ టూర్ మొదలైంది.

ఇప్పుడు ఆయన సెటప్ ‘అన్నయ్య 6’ దాకా వచ్చింది. బ్రేకు బలం మళ్లీ కాస్త ముందుకు వెళ్లింది. మొదటి చుట్టులో వెనక టైర్లు వేడెక్కేదాకా పాడక్ హిల్ దగ్గర తొందరపడడు, ఇద్దరు దాటిపోయినా పోనిస్తాడు. ఆ ఇద్దరూ పదో చుట్టుకు టైర్లు అరగదీసుకుని మళ్లీ చేతికి దొరుకుతారని తెలుసు. తమ్ముణ్ని ఇంతవరకూ గెలవలేదు. రెండుసార్లు వెనకే వచ్చాడు, అదీ అద్దంలో కనిపించేంత దగ్గరగా.

తెనాలి ఇంటి సంగతి తేలలేదు. అయితే మొన్నామధ్య తమ్ముడే ఎత్తాడు... ‘అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మొద్దులే అన్నయ్యా. పెంకులు మాత్రం ఈ వానలకు ముందే మార్పిద్దాం, సగం ఖర్చు నాది’ అని. మిగతావి ఇద్దరూ అడగలేదు. తాపీమేస్త్రీకి కబురు వెళ్లింది. ప్రస్తుతానికి మారేది పెంకులొక్కటే.