వాన వెలిసిన మర్నాడు వజ్రకరూరులో...

రాత్రి ఉరుములతో ఓ పదును వాన పడిందంటే చాలు. తెల్లారేసరికి గుంతకల్లు నుంచి వజ్రకరూరు వెళ్లే దారిలో బైకులు, ఆటోలు బారులు తీరతాయి. గట్టున బండి ఆపి, సద్దిమూట, నీళ్ల సీసా పట్టుకుని జనం చేలల్లోకి దిగుతారు. ఇక మాటల్లేవు. అందరి చూపూ నేల మీదే! అనంతపురం జిల్లాలో తొలకరి వేళ ఏటా కనిపించే దృశ్యమిది. కర్నూలు నుంచి, అటు బళ్లారి నుంచి కూడా కుటుంబాలతో వస్తారు.

వాన నీరు పైమట్టిని కడిగేస్తే రాళ్లు తేలతాయి. వాటి మీద ఏటవాలు ఎండ పడాలి. అందుకే వజ్రాల వేట ఉదయం, సాయంత్రమే జోరుగా సాగుతుంది. నడినెత్తికి పొద్దెక్కితే అందరూ వేపచెట్ల కిందే. సంచిలో చేరిన వాటిలో దాదాపు అన్నీ పలుగురాళ్లే. అయినా ‘ఏమైనా దొరికిందా?’ అంటే నవ్వే తప్ప జవాబు రాదు. నిజంగా దొరికినవాడు అసలే చెప్పడు కదా!

ఇదంతా వట్టి ఆశ కాదు. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట నూటయాభై కిలోమీటర్లకు పైగా లోతు నుంచి ఎగదన్నిన శిలాద్రవం ఇక్కడ గొట్టాల్లా గడ్డకట్టింది. వజ్రాలను పైకి మోసుకొచ్చిన ఈ రాతిని కింబర్లైట్ అంటారు. వజ్రకరూరు, లత్తవరం పరిసరాల్లో ఇలాంటి గొట్టాలను శాస్త్రవేత్తలు గుర్తించారు. 1881లో ఇక్కడ దొరికిన దాదాపు 67 క్యారెట్ల వజ్రం మద్రాసులోని పి.ఆర్ అండ్ సన్స్ నగల వర్తకుల చేతికి చేరింది. ఆ రోజుల్లో ఇక్కడ గోతులు తవ్వి చూసినవారూ ఉన్నారు. కానీ నేటి దేశంలో యంత్రాలతో తవ్వే వజ్రాల గని మధ్యప్రదేశ్‌లోని పన్నాలోనే ఉంది. ఇక్కడ మాత్రం కాళ్లూ కళ్లే యంత్రాలు.

చిక్కల్లా ఒకటే. ఆ వాన కోసం రైతు కూడా కాచుకుని ఉంటాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా సరిగా పడని నేల ఇది. పదును ఆరేలోపు వేరుశనగో, కందో విత్తుకోవాలి. దున్ని సిద్ధం చేసిన చేనును వందల కాళ్లు తొక్కి గట్టిపరిస్తే, పుల్లలతో గుంతలు పెడితే ఎవరికి చెప్పుకోవాలి? లోపలికి రావద్దంటూ కొందరు బోర్డులు పెడతారు. వాటిని చదివేదెవరు? సరదాగా వెళ్లేవారైనా రైతును అడిగి, విత్తని చేలోకే దిగడం మర్యాద. టోపీ, తాగునీరు మరిచిపోవద్దు. పొద్దున్నే గుంతకల్లులో ఉగ్గాని, బజ్జీ తిని బయల్దేరితే మధ్యాహ్నం దాకా ఆకలి ఊసుండదు.

తిరుగు ప్రయాణం ఉరవకొండ మీదుగా అయితే మేలు. పడగెత్తిన పాములా నిలిచిన కొండ దూరం నుంచే కనిపిస్తుంది. పొద్దు వాలేవేళ నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు మందలుగా దిగుతాయి. మెలితిరిగిన కొమ్ముల పోతు ముందు నిలబడి చూస్తుంటుంది. చప్పుడైతే చాలు, మంద మొత్తం గాల్లోకి లేస్తుంది. పిల్లలకు ఇంతకన్నా కనువిందు ఏముంటుంది! రైతుకు మాత్రం అది మొలకల మీద దాడి. 1972 చట్టం ప్రకారం వాటి మీద చేయి చేసుకుంటే జైలే. అందుకే చీకటి పడ్డాక, వజ్రాల కోసం వచ్చిన బండ్లన్నీ ఊళ్లకు మళ్లుతుంటే, పళ్లెం, కర్ర, టార్చిలైటు పట్టుకుని అతను చేను కాపలాకు బయల్దేరతాడు.