రసీదు కోసం నిలబడ్డ మనిషి

పాత హాలీవుడ్ సినిమాల్లో నల్లజాతి నటుల ప్రస్తావన వస్తే మనవాళ్ళలో ఎక్కువమంది వెంటనే సిడ్నీ పోయిటియర్ పేరు చెబుతారు. ఇంకాస్త వెనక్కి వెళ్ళేవాళ్ళు ‘గాన్ విత్ ద విండ్’లో మామీ వేషానికి 1940లో ఆస్కార్ అందుకున్న హ్యాటీ మెక్‌డేనియల్‌ని తలుచుకుంటారు. బహుమతి తీసుకున్న ఆ రాత్రి కూడా ఆవిడని తోటి నటుల మధ్య కాకుండా విడిగా వేసిన బల్ల దగ్గర కూర్చోబెట్టారు. సరే, ఆ ఇద్దరి గురించీ చాలామంది రాశారు. ఇవాళ మీతో చెప్పాలనుకున్నది హువానో హెర్నాండెజ్ గురించి. ఈ పేరు ఎప్పుడైనా విన్నారా? వినకపోతే తప్పు మీది కాదు. సినిమా చరిత్రలు ఆయనకి ఒకటి రెండు వాక్యాలు విదిల్చి ముందుకు వెళ్ళిపోయాయి.

పోర్టోరికోలోని శాన్ హువాన్‌లో పుట్టాడు. బడి మెట్లు ఎక్కలేదు, చదవడం తనంతట తనే నేర్చుకున్నాడు. సర్కస్‌లో పల్టీలు కొట్టాడు, బాక్సింగ్ చేశాడు, షేక్స్‌పియర్ నాటకాలు చదువుతూ ఉచ్చారణ సానబెట్టుకుని రేడియోలో గొంతుతో బతికాడు. నల్లజాతి ప్రేక్షకుల కోసం ఆస్కార్ మిషో తీసిన చిన్న బడ్జెట్ సినిమాల్లో వేషాలు కట్టాడు. పెద్ద స్టూడియో పిలుపు వచ్చేసరికి వయసు యాభై ప్రాంతాలకు చేరింది. ఆ సినిమాయే ఎం.జి.ఎం. వాళ్ళ ‘ఇంట్రూడర్ ఇన్ ద డస్ట్’ (1949). విలియం ఫాక్నర్ నవల, క్లారెన్స్ బ్రౌన్ దర్శకత్వం.

షూటింగ్ ఎక్కడనుకున్నారు? ఫాక్నర్ సొంత ఊరు, మిసిసిపీ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్. జనం గుమిగూడే దృశ్యాల్లో కనిపించేవాళ్ళు చాలావరకు ఆ ఊరివాళ్ళే. తెల్లవాళ్ళ హోటల్లో హెర్నాండెజ్‌కి గది ఇవ్వరు. ఊళ్ళో ఒక నల్లజాతి కుటుంబం ఇంట్లో ఆయనకి బస. పొద్దున్నే లేచి వచ్చి, తనకి గది ఇవ్వని ఊరి జనం ముందు, ఆ జనమే తగలబెట్టాలని చూస్తున్న మనిషిగా నటించాలి. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

కథ చెప్పడం తేలిక. లూకాస్ బోషాంప్ అనే నల్లజాతి రైతు మీద ఒక తెల్లవాడిని వెనకనుంచి కాల్చి చంపాడని నేరం మోపారు. కోర్టు దాకా పోనిచ్చేలా లేదు ఊరు. అలాంటప్పుడు ఆ రోజుల సినిమాల్లో నల్లజాతి పాత్ర ఏం చేసేది? వణికేది, కళ్ళు తిప్పేది, బతిమాలేది. లూకాస్ అవేవీ చేయడు. తనని జైలుకి తీసుకువెళుతుంటే గుంపులో ఒక తెల్లపిల్లాడిని గుర్తుపట్టి, మీ మామయ్యని నాతో మాట్లాడమని చెప్పు అంటాడు. బతిమాలుతున్న గొంతు కాదు. పని పురమాయిస్తున్న గొంతు.

ఆ పిల్లాడు చిక్. ఒక చలికాలం వాగులో పడిపోతే లూకాస్ తన ఇంటికి తీసుకువెళ్ళి, బట్టలు ఆరబెట్టించి, తన భోజనం పెట్టాడు. పిల్లాడు జేబులోంచి చిల్లర తీసి ఇవ్వబోయాడు. ఇక్కడ హెర్నాండెజ్‌ని చూడండి. ఆ డబ్బుల వైపు చేయి చాపడు, కోపంగా తోసేయడు, అవి ఏమిటో తనకి అర్థం కానట్టు ఊరికే నిలబడతాడు. పిల్లాడికి చేయి వెనక్కి తీసుకోవడం తెలియక నాణేలు నేల మీద పడేస్తాడు. వాటిని ఏరించి, తిరిగి ఇప్పించేస్తాడు లూకాస్. భోజనం పెట్టిన ఇంటి యజమానిగా తన స్థానం ఏమిటో ఒక్క కండరం కదపకుండా చెప్పాడు. ఆ పిల్లాడు ఆ సిగ్గు మోస్తూనే ఉంటాడు. సినిమా మొత్తం ఆ నేల మీద పడ్డ చిల్లర మీదే నిలబడి ఉంది.

చివర్లో నిర్దోషిగా బయటపడ్డాక లూకాస్, చిక్ మామయ్య అయిన లాయరు ఆఫీసుకి వచ్చి ఖర్చులెంతో అడుగుతాడు. లాయరు రెండు డాలర్లంటాడు. లూకాస్ తన డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెడతాడు. పెట్టాక వెళ్ళడు. ఇంకా ఏమిటని లాయరు చూస్తే, రసీదు కావాలంటాడు. తెల్లవాళ్ళు బల్లల దగ్గర కూర్చుంటే పక్కన చేతులు కట్టుకు నిలబడి కాచుకోవడమే అప్పటిదాకా హాలీవుడ్ నల్లజాతి నటులకి ఇచ్చిన పని. హెర్నాండెజ్ దాన్ని తిరగేశాడు. సినిమా అంతటా కాచుకునేది అవతలివాళ్ళే: ఆయన నోరు విప్పేదాకా షెరీఫ్, ఆయన చెప్పేదాకా లాయరు, ఆయన కదిలేదాకా ఊరు. ఆ తర్వాత లాయరు చేత నీతివాక్యాలు చెప్పించడం దర్శకుడి పొరపాటని నా గట్టి నమ్మకం. రసీదు అడిగాక ఇంకెవరూ మాట్లాడక్కర్లేదు.

అవతలివాళ్ళని కాచుకునేలా చేసే ఆ ఒడుపు హెర్నాండెజ్ ఒక్కడిదే కాదు. ‘ఔట్ ఆఫ్ ద పాస్ట్’ (1947)లో రాబర్ట్ మిచమ్ హార్లెమ్ క్లబ్బుకి వెళ్ళి పారిపోయిన అమ్మాయి ఆచూకీ అడుగుతాడు. చెప్పాల్సింది ఆ అమ్మాయి దగ్గర పనిచేసిన యూనిస్, అంటే థెరీసా హ్యారిస్. తనకి తెలిసింది ఎంత, అందులో బయటపెట్టేది ఎంత అన్నది చూపుతోనే కొలుస్తుంది. హీరో ఓపిగ్గా కూర్చోవాల్సిందే. అంత బాగా చేసినా టైటిల్స్‌లో ఆవిడ పేరు వేయలేదు! అదే ఏడు వచ్చిన ‘బాడీ అండ్ సోల్’లో కెనడా లీ, మెదడులో రక్తం గడ్డకట్టిన మాజీ బాక్సర్‌గా కనిపిస్తాడు. నిజజీవితంలోనూ ఆయన బాక్సరే, కంటి దెబ్బతో రింగు వదిలాడు. అందుకే ఆ పాత్ర ఆఖరి ఘడియలో గాలిలోకి విసిరే గుద్దులు అంత నిజంగా ఉంటాయి.

ఆ సినిమా హీరో జాన్ గార్‌ఫీల్డ్. మూడేళ్ళకి ఆయన పక్కనే మన హెర్నాండెజ్ వచ్చాడు, మైకేల్ కర్టీజ్ తీసిన ‘ద బ్రేకింగ్ పాయింట్’ (1950)లో. హెమింగ్వే నవల ఆధారం. గార్‌ఫీల్డ్ పడవ యజమాని, హెర్నాండెజ్ అతని భాగస్వామి వెస్లీ. నౌకరు కాదు, సంసారం ఉన్న స్నేహితుడు. దొంగల ముఠా వెస్లీని కాల్చి సముద్రంలో పారేస్తుంది. చివరికి గాయపడ్డ హీరోని ఒడ్డుకి తెస్తారు, భార్య ఏడుస్తుంది, జనం ఆంబులెన్సు వెంట వెళ్ళిపోతారు. రేవు మీద వెస్లీ కొడుకు ఒక్కడే మిగులుతాడు, నాన్న కోసం అటూ ఇటూ చూస్తూ. వాడికి చెప్పేవాళ్ళు లేరు. కెమెరా పైకి వెళ్ళిపోతుంది, అంతే. ఆ పిల్లాడిగా వేసింది హెర్నాండెజ్ సొంత కొడుకు. హీరో బతికాడని మనం ఊపిరి పీల్చుకునేలోపు, మనం మరిచిపోయింది ఎవరినో కర్టీజ్ చూపించేశాడు.

ఆ సినిమా సరిగ్గా జనంలోకి వెళ్ళలేదు. అదే ఏడు కమ్యూనిస్టు సానుభూతిపరుల జాబితా అంటూ వెలువడిన ‘రెడ్ ఛానెల్స్’లో గార్‌ఫీల్డ్ పేరు పడింది. కెనడా లీకీ అదే రకం అనుమానాలతో అవకాశాలు మూసుకుపోయాయి. 1952 మే నెలలో ఇద్దరూ రెండు వారాల తేడాలో కన్నుమూశారు. గార్‌ఫీల్డ్‌కి 39, లీకి 45.

హెర్నాండెజ్ 1970 దాకా ఉన్నాడు. చూడాలనుకుంటే ముందు ‘ఇంట్రూడర్’ చూడండి, తర్వాత ‘బ్రేకింగ్ పాయింట్’. ఓపిక ఉంటే సిడ్నీ లూమెట్ తీసిన ‘ద పాన్‌బ్రోకర్’ (1964) కూడా. అందులో ఆయన కుదువ కొట్టుకి ఏదో ఒక వస్తువు పట్టుకొస్తాడు, అసలు పని నాలుగు మాటలు మాట్లాడటం. కొట్టు యజమాని రాడ్ స్టైగర్‌కి తీరిక లేదు. విమర్శకులంతా స్టైగర్‌ని పొగిడారు, పొగడాల్సిందే. మీరు మాత్రం ఆ రెండు నిమిషాలూ కౌంటరుకి ఇవతల నిలబడ్డ ముసలాయన్ని చూసి, మీకేమనిపించిందో నాకు చెప్పండి.