ధనుస్సు దూరంలో స్టవ్వు

రోజుకి పది గంటలు లాప్‌టాప్ ముందు కూర్చుంటే నడుము ఊరుకోదు. డాక్టర్ బిళ్ళలతో పాటు యోగా కూడా చేయమన్నాడు. మ్యాట్ ఆ వారమే కొన్నాను. దాన్ని పరిచే చోటు కోసం మాత్రం ఏడాది వెతికాను. బాల్కనీలో ట్రాఫిక్ మోత. టెర్రస్ నిండా పావురాల రెట్టలు. హాల్లో శవాసనం వేస్తే తల సోఫా కిందికీ, కాళ్ళు వంటింట్లోకీ వెళ్తాయి.

అలవాటుకొద్దీ పుస్తకం తెరిచాను. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన ‘హఠయోగ ప్రదీపిక’ మొదట్లోనే సాధనకి తగిన కుటీరం ఎలా ఉండాలో చెబుతుంది. అచ్చం రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటే. ద్వారం చిన్నదిగా ఉండాలి. కన్నాలూ గుంతలూ ఉండకూడదు. మరీ ఎత్తూ, మరీ పల్లమూ కాకూడదు. పేడతో అలికి, పురుగూ పుట్రా లేకుండా శుభ్రంగా ఉంచాలి. బయట మంటపం, బావి, చుట్టూ ప్రహరీ. ధనుస్సంత దూరం వరకు రాయి, నిప్పు, నీరు ఉండకూడదు.

మా కూకట్‌పల్లి టూ బీహెచ్‌కేలో ఎక్కడ కూర్చున్నా ధనుస్సు దూరంలో స్టవ్వో సింకో ఉంటుంది. చివరికి చిన్న బెడ్‌రూం ఖాళీ చేసి, పొద్దున ఆరింటి నుంచి ముప్పావు గంట తలుపేసుకోవడం మొదలుపెట్టాను. కుక్కర్ విజిల్ వినిపిస్తే విసుక్కునేవాణ్ణి కూడా.

ఒకరోజు బాబుకి లంచ్ బాక్స్ సర్దుతూ మా ఆవిడ అడిగింది: “ఆ పుస్తకంలో వంట ఎవరు చేస్తారని రాశాడు?”

నవ్వేశాను. తర్వాత మళ్ళీ తీసి చూశాను. ఒక రకంగా రాశాడు. కుటీరం కన్నా ముందు దేశం సంగతి చెబుతాడు: మంచి పాలన ఉండాలి, ధర్మం ఉండాలి, సుభిక్షంగా ఉండాలి, ఉపద్రవాలు ఉండకూడదు. సుభిక్షం అంటే భిక్ష తేలిగ్గా దొరికే చోటు. అంటే ఎక్కడో ఎవరిదో ఒక పొయ్యి వెలుగుతూ ఉండాలి. అది సాధకుడికి ధనుస్సంత దూరంలో ఉండకూడదు, అంతే. ఆ నేల ఎవరు అలికారో మాత్రం శ్లోకంలో లేదు.

బాబు పుట్టినప్పటి నుంచి తనకీ నడుము నొప్పే. తనకీ డాక్టర్ యోగానే చెప్పాడు, ఆరేళ్ళ కింద. తను ఏ పుస్తకమూ తెరవలేదు, ఏ గదీ అడగలేదు.

ఇప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు ఆ గది తనది. మొదటి రోజు ముప్పావు గంటలో నేను రెండుసార్లు తలుపు కొట్టాను, ఒకసారి పోపుల డబ్బా కోసం, ఇంకోసారి బాక్స్ మూత కోసం. మూడోసారి చెయ్యెత్తి ఆగిపోయాను. స్వాత్మారాముడు వద్దన్న ఉపద్రవం తలుపుకి ఇవతల నిలబడి ఉంది.