చెలిమె తేరని మూసీ

పోయినేడు వానాకాలంలో అనంతగిరి గుట్టలకు వెళ్లాను. వికారాబాద్ దాటాక అడవి, అనంతపద్మనాభస్వామి గుడి, రాళ్ల సందుల్లోంచి జారే సన్నటి ధార. మూసీ పుట్టేది అక్కడే. మా ఊరి పక్కన పారేదీ ఈ ఏరేనంటే నమ్మబుద్ధి కాలేదు.

అక్కణ్నుంచి గండిపేట దాకా బస్సు కిటికీలోంచి చూసిందే. 1908 సెప్టెంబరు 28న వరద హైదరాబాదును ముంచి వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద గండిపేట, ఈసీ ఏటి మీద హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. నగరం ఏళ్ల తరబడి ఆ నీళ్లే తాగింది. బాపూఘాట్ దగ్గర ఈసీ వచ్చి కలుస్తుంది. అది దాటితే అంతా మురుగే.

మాది వలిగొండ పక్కన ఏటి ఒడ్డు పల్లె. 1970లలో ఎండాకాలం పారకం ఆగిపోతే నాయనమ్మ ఇసుకలో చెలిమె తీసేది. మొదట బురదనీళ్లు ఊరేవి. చిప్పతో ఎత్తిపోసేది. మళ్లీ ఊరితే మళ్లీ పోసేది. నేను చెయ్యి పెట్టబోతే "కదిలియ్యకు బిడ్డా, తేరనియ్యి" అనేది. మూడోసారికి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చు. బిందె మూతికి గుడ్డ కట్టి, చిప్పతో మెల్లగా ముంచి పోసేది. గుట్టల మీద కురిసి, నేలలోకి ఇంకి, ఇసుకలో వడకట్టుకుని వచ్చిన వాన అది. బడిలో జలచక్రం బొమ్మ గీయమంటే మబ్బు, కొండ, సముద్రంతో పాటు నేను చెలిమె కూడా గీశాను.

ఆ చక్రాన్ని నగరం తనవైపు తిప్పుకుంది. 2004 నుంచి నాగార్జునసాగర్ జలాశయంలోని కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసి తెచ్చుకుంటోంది. తర్వాత ఎల్లంపల్లి నుంచి గోదావరీ వచ్చింది. వాడిన నీళ్లలో చాలావరకు మోరీల గుండా మూసీలోకే. సాగర్‌కు దిగువన వాడపల్లి దగ్గర మూసీ వాటిని తిరిగి కృష్ణకే అప్పజెబుతుంది. ఒకప్పుడు వేసవిలో ఇసుక తేలే ఏరు ఇప్పుడు ఏడాది పొడుగునా పారుతోంది. "మీకేం, మూడు కాలాలూ నీళ్లే" అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. కత్వల దగ్గర నురుగు దూదిగుట్టల్లా లేస్తుంది. నాటేసే ఆడవాళ్ల కాళ్లు దురదతో పుండ్లు పడతాయి. ఎండకు ఆవిరయ్యేది నీరొక్కటే. సబ్బులు, ఉప్పులు, ఫ్యాక్టరీలు వదిలిన లోహాలు మడిలోనే దిగబడతాయి. మబ్బు తేటనీళ్లే ఎత్తుకుపోతుంది, మడ్డి మాకు వదిలేసి. నగరం తాగే నీళ్లకు ఖర్చు పెట్టినట్టే వదిలే నీళ్లకూ పెట్టాలి. చివరి బొట్టు దాకా శుద్ధి చేశాకే ఏట్లోకి వదలాలి. మేము అడిగేది దయ కాదు.

వాడపల్లి దాకా పోదామనుకున్నాను. ఊళ్లోనే ఆగిపోయాను. మనవడికి చూపిద్దామని ఒడ్డున ఇసుక తవ్వాను. జానెడు లోతుకే నల్లనీళ్లు ఊరాయి. ఎత్తిపోశాను. మళ్లీ నల్లగానే. ఐదోసారి పోసి, వాణ్ని కదిలించొద్దని చెప్పి, పొద్దుగూకేదాకా పక్కనే కూర్చున్నాను.