శివాలిక్ ఒంటె

మేము జమ్మలమడుగులో ఉన్నత పాఠశాల విద్యార్థులుగా ఉన్న రోజులలో ఒకనాడు మా వీధికి ఒంటె వచ్చింది. పిల్లలను ఎక్కించి, తిప్పి, డబ్బులు పుచ్చుకునే సంచారులది. సహాధ్యాయి ఒకడు మా భుజం తట్టి, "ఒరేయ్, మీ దేశపు జంతువు వచ్చిందిరా!" అన్నాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాము. ఇంటికి వచ్చి మాత్రం, "మన దేశమేది దాదీ?" అని అడిగాము. "పులివెందుల గాక ఇంకేందిరా బేటా!" అని ఆమె తన పనిలో పడింది. ఆమె పుట్టినూరు అదే.

తక్కిన సమాధానం తిరుపతిలో ఎం.ఏ. చదివేటప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లభించింది. హిమాలయ పాదాల వద్ద శివాలిక్ కొండలలో దొరికిన శిలాజాలను పరిశీలించి, 1836లో ఫాల్కనర్, కాట్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఒక లుప్తజాతి ఒంటెకు 'కామెలస్ శివలెన్సిస్' అని నామకరణం చేశారు. సుమారు 20 లక్షల ఏండ్ల కిందట, నేటి మతాలు గాని, భాషలు గాని లేని కాలంలో, అది ఈ నేలమీదనే మేసింది.

సరిగిట్టల జంతువుల క్రమంలో ఒంటెలది కామెలిడే కుటుంబం. వాటి కాలిలో రెండు అరపాదపు ఎముకలు ఒకటిగా అతుక్కొని, చివర పంగలకర్ర వలె చీలుతాయి. అంత పొడవైన మెడలోనూ మనకున్నట్లే ఏడు వెన్నుపూసలే. శివాలిక్ ఒంటె కింది దవడపండ్లపై దక్షిణ అమెరికా లామాను తలపించే నిలువు గట్టు ఉంటుంది. ఈ కుటుంబం పుట్టినది అరేబియాలో కాదు. 4 కోట్ల ఏండ్లకు పూర్వం ఉత్తర అమెరికాలో. బేరింగ్ భూమార్గాన అది ఆసియాకు వచ్చింది.

ఇక మూపురం కేవలం కొవ్వు. అది శిలాజంగా మిగలదు. కాబట్టి ఆ ప్రాచీన జంతువుకు ఒక మూపురమో, రెండో ఎముకలు చెప్పవు. శాస్త్రజ్ఞుడు దంతమూ పాదమూ చూసి వర్గీకరిస్తాడు. మనమో, దూరం నుండి మూపురం చూసి పేరు పెట్టేస్తాము. మాకూ ఆ దోషం లేకపోలేదు. ఆనాటి స్నేహితుణ్ణి ఆ ఒక్క మాటతోనే చాలా ఏండ్లు కొలిచాము.

మొన్న ప్రొద్దుటూరు బజారులో అతడు కలిశాడు. టీ తాగుతూ ఈ కథంతా చెప్పాము. అతనికి ఆ మాట గుర్తే లేదు. కాసేపు ఊరకుండి, "అట్లయితే అది మనదేరా!" అన్నాడు.

విద్యార్థులారా, ఆ 'మన' కోసమే ఈ నాలుగు మాటలు వ్రాశాము.