తల నెరిసిన వేపచెట్టు

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో, మా ఊళ్ళో బీరువా పైన తాతయ్య కెమెరా దొరికింది. పెంటాక్స్ కె1000. 1976లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు తయారుచేసిన మోడల్. బ్యాటరీ లైట్ మీటరుకి తప్ప దేనికీ అక్కర్లేదు, షట్టరు పూర్తిగా మెకానికల్. లీవర్ లాగి బటన్ నొక్కితే 'టక్'మంది. ఆ శబ్దానికే పడిపోయాను. పైన చిన్న కిటికీలో 19 అని అంకె కనిపించింది. అదేంటో తెలీదు. లోపల ఎలా ఉంటుందో చూద్దామని మిట్టమధ్యాహ్నం వరండాలో కూర్చుని వెనక తలుపు తెరిచాను.

లోపల రోలు ఉంది.

గబుక్కున మూసేశాను. కానీ అప్పటికే 19 పోయి అంకె మొదటికొచ్చేసింది. పద్దెనిమిది ఫొటోలు తాతయ్యవి, ఒకటి నాది. తాతయ్య నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పోయారు. యూట్యూబ్ చూసి రోలు వెనక్కి చుట్టి, బ్యాగులో దాచుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

హాస్టల్‌కి వచ్చాక ఫిల్మ్ గురించి చదవడం మొదలుపెట్టాను. తీసిన ఫిల్మ్ ఒక చక్రానికి చుట్టుకుంటూ పోతుంది. మన స్టాక్ లాగే: చివర తీసినవి పైన, మొదట తీసినవి అడుగున. వెలుతురు పైనుంచి పాడుచేస్తుంది కాబట్టి అడుగున ఒకటో రెండో మిగిలే అవకాశం ఉంది. రోలుని ఒక ల్యాబ్‌కి పంపి ఎదురుచూస్తూ ఉన్నాను.

ఆ రోజుల్లోనే లెన్సు మీద చిన్న ఎర్ర గుర్తు చూశాను. ఫోకస్ గీతకి కాస్త పక్కన ఉంది. అది ఇన్‌ఫ్రారెడ్ కోసమట! మన కంటికి కనిపించే వెలుతురు దాదాపు 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి కిరణాలు లెన్సులో కొంచెం వేరే చోట ఫోకస్ అవుతాయి. అందుకని ఆ గుర్తు దాకా రింగు జరపాలి.

ఒక రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 రోలు, 720 నానోమీటర్ల ఫిల్టరు కొన్నాను. ఆ నెల టిఫిన్ల డబ్బు అక్కడే పోయింది. "మనుషుల వేడి కనిపిస్తుందా?" అని రూమ్మేట్ అడిగాడు. కనిపించదు. వేడిని చూపే థర్మల్ కెమెరాలు పట్టుకునేవి దీనికంటే పదిరెట్లు పొడవైన తరంగాలు. ఈ ఫిల్మ్ చూసేది ఎండలోని ఇన్‌ఫ్రారెడ్‌నే, ఆకుల మీద పడి తిరిగొచ్చేదాన్ని.

వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళాను. ఈ ఫిల్మ్ మొన మీద పడిన వెలుతురు ఫిల్మ్ గుండానే లోపలికి పాకుతుంది. కాబట్టి రాత్రి, తలుపులు మూసి, దుప్పటి కింద చెమటలు కక్కుతూ రోలు ఎక్కించాను. ఈసారి తలుపు తెరిచే ముందు మూడుసార్లు చూసుకున్నాను.

ఫిల్టరు పెడితే వ్యూఫైండర్‌లో చిమ్మచీకటి. అందుకని ముందు స్టాండు మీద ఫ్రేమ్ చూసుకుని, ఫోకస్ చేసి, ఎర్ర గుర్తుకి జరిపి, అప్పుడు ఫిల్టరు బిగించాలి. మీటరునీ నమ్మలేం. ఎఫ్/11 దగ్గర 1/30, 1/15, 1/8, 1/4 సెకన్లు, ఒక్కో దృశ్యానికి నాలుగు. అంటే 36 ఫొటోల రోలుకి తొమ్మిది దృశ్యాలే. ఒకటి మాత్రం ముందే అనుకున్నాను: పెరట్లో తాతయ్య నాటిన వేపచెట్టు, దాని కింద మంచం మీద నానమ్మ.

"కదలకు నానమ్మా."

"ఈ వయసులో ఎక్కడికి కదుల్తాన్రా!"

బాత్రూంలోనే కడిగాను. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉండాలి. మే నెలలో మా కుళాయి నీళ్ళు చెయ్యి పెడితే కాలతాయి. ఐసు ముక్కల గిన్నెలో సీసా నిలబెట్టి చల్లార్చాను. తొమ్మిదింట్లో నాలుగే బాగా వచ్చాయి. నాలుగోది వేపచెట్టు. ఆకాశం నల్లగా, ఆకులన్నీ వెండిలా తెల్లగా! క్లోరోఫిల్ ఇన్‌ఫ్రారెడ్‌ని మింగదు, ఆకు లోపలి కణాలు దాన్ని తిప్పికొడతాయి. 1910లో ఇలాంటి ఫొటోలు ప్రచురించిన రాబర్ట్ వుడ్ పేరు మీద దీన్ని 'వుడ్ ఎఫెక్ట్' అంటారు. నానమ్మకి ఇదంతా చెప్పబోయాను. ఆవిడ ఫొటో చూసి, "ఇదేంట్రా, నాతోపాటు దీనికీ తల నెరిసింది" అంది.

అప్పుడు చెప్పేశాను. ల్యాబ్ నుంచి వచ్చినవి ఫోన్లో చూపించాను. పద్దెనిమిదింట్లో రెండే మిగిలాయి. ఒకదాంట్లో ఏముందో తెలీదు. రెండోదాంట్లో ఇదే చెట్టు, ఇదే మంచం, నానమ్మ. సగం ముఖం వెలుతురు తినేసింది, తెల్లగా ఉంది. ఆ వెలుతురు నేను పోసిందే.

నానమ్మ చాలాసేపు చూసింది. తిట్టలేదు. "ఆ రోజు ఈ చీర వద్దన్నాను, వినలేదు మీ తాత" అంది. మిగతా పదహారింట్లో ఏముండేదో అడిగాను. గుర్తులేదంది. అది తిట్టినదానికంటే ఎక్కువ బాధనిపించింది.

ఇప్పుడు రెండు ఫొటోలూ ఆవిడ మంచం పక్క గోడకి ఉన్నాయి, ఒకటి తాతయ్య తీసింది, ఒకటి నేను తీసింది. వాటి వెనక కథ నాన్నకి ఇంకా తెలీదు. మన పత్రిక లింకు ప్రతిసారీ నేనే పంపిస్తాను, ఈసారి కూడా పంపిస్తున్నాను. నాన్నా, ఇక్కడిదాకా చదివితే రాత్రికి ఫోన్ చెయ్యి.