మెఱుగు పెట్టు పని

చివరి పూత ముగిసి, మెడ యమర్చెడి తావున చిన్న కఱ్ఱ బిగించి వ్రేలాడదీసిన గిటారు మేనును దూరమునుండి చూచువారికి పని పూర్తియైనదనియే తోచును. కాని దానిని కిటికీ చెంతకు గొనిపోయి, వెలుతురు ఏటవాలుగా పడునట్లు పట్టి చూచినచో, నారింజతొక్కమీది గుంటలవంటి సూక్ష్మమైన నిమ్నోన్నతములు తలమెల్ల వ్యాపించియుండుటయు, కిటికీ చువ్వల ప్రతిబింబములు అందు వంకరలు పోవుటయు స్పష్టముగా కానవచ్చును. ఆ చువ్వలు తిన్నగా నిలుచువఱకు సాగవలసిన శ్రమ యింకను మిగిలియున్నది. కొయ్యను ఎంచుటయు, తొలుచుటయు, అతుకుటయు గొప్ప విద్యలే యైనను, గిటారు నిర్మాణములో చేతికి ఇంతటి నిగ్రహమును నేర్పు ఘట్టము వేఱొకటి లేదని నా విశ్వాసము.

ఆ నిగ్రహము నిరీక్షణతోనే ఆరంభమగును. సంప్రదాయము పాటించు పనివారు వాడు నైట్రోసెల్యులోజు ల్యాకరు, ప్రత్తినుండియో కొయ్యగుజ్జునుండియో లభించు సెల్యులోజును నత్రికామ్ల గంధకామ్లముల మిశ్రమముతో సంస్కరించి, ద్రావకములలో కరగించి చేయునట్టిది. 1920 దశకమున డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ అను పేర మోటారు కార్లకై దీనిని ప్రచారమునకు తేగా, 1950, 60 దశకములలో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున ఫెండర్ సంస్థవారు ఆ కార్ల రంగులనే తమ గిటార్లకును వేసిరి. ఇది ఆరుట యనగా ద్రావకము ఆవిరియై పోవుటయే. పై పూత క్రింది పూతను కొంత కరగించి అందు లీనమగుటచే, పూతలెన్నియైనను తుదకు ఒకే పొరయై నిలుచును. ఆ పొర వారములకొలది సన్నగిల్లుచు, కొయ్య రంధ్రములలోనికి క్రుంగుచునే యుండును. తొందరపడి ముందే నునుపుచేసినచో, నేడు సమమైన చోట కొంతకాలమునకు కొయ్య చారలు తేలును. అందుచే అనుభవజ్ఞులు మేనును ముక్కుదగ్గఱకు చేర్చి వాసన చూతురు. ద్రావకపు ఘాటు లేశమైనను తగిలినచో, మరల కొక్కెమునకు తగిలించి మఱొక పనికి పోవుదురు.

పిమ్మట వాటర్ పేపరు. 800 లేక 1000 నంబరు కాగితమును రబ్బరు దిమ్మకు చుట్టి, సబ్బు చుక్క కలిపిన నీటిలో ముంచి రుద్దుచుండగా, అంతవఱకు మిలమిలలాడిన తలము పాలిపోయి మసకబాఱును. చూచుటకు మనస్సు నొచ్చును గాని, ఇందు మసకబాఱుటయే పురోగతి. ఇంకను మెఱయుచు మిగిలిన చుక్కలన్నియు పల్లములు, అవియు మాయమైననే తలము సమమైనదని యెఱుగవలెను. అపాయమంతయు అంచులలో నున్నది. పూత మందము మిల్లీమీటరులో పదవ వంతునకు అటునిటుగా మాత్రమే యుండుటచేతను, చేతి బలమంతయు అంచున ఒక్క రేఖపై పడుటచేతను, అక్కడ కొలది రాపిడులు ఎక్కువైనంతనే పూత తొలగి కొయ్య బయటపడును. మఱలు బిగించు రంధ్రములలోనికి నీరు దిగినచో కొయ్య ఉబ్బి, చుట్టునున్న ల్యాకరు పగులును.

తరువాత 1200, 1500, 2000. ప్రతి కాగితమునకును తన ముందటిదాని గీతలను చెఱపుట యొక్కటే ధర్మము. అందుకే ఒకదానిని నిలువుగా నడపినచో తరువాతిదానిని అడ్డముగా నడుపుదురు, పాత గీత మిగిలియున్నచో దాగనేరదు. 2000 కాగితపు రేణువు దాదాపు 10 మైక్రానులు. మన కంటికగపడు వెలుగు తరంగదైర్ఘ్యమో, మైక్రానులో సగము ప్రాంతమున నుండును. ఆ రేణువు చేసిన గీత యింకను వెలుగును చెదరగొట్టుచునే యుండును గనుక, రబ్బింగ్ కాంపౌండును, దానికంటె మెత్తని పాలిషును మృదువైన గుడ్డతో రుద్దుట తప్పదు. తిరుగు చక్రము ఈ పనిని క్షణములలో చేయును. కాని రాపిడి వేడికి ఈ ల్యాకరు మెత్తబడును, ఒక్కచోట నిలిపినచో కాలిపోవును. తొందర లేనివారికి చేయియే మేలని నా పక్షము. వేడియెక్కుచున్న సంగతి అరచేతికి ముందే తెలియును.

స్పెయిన్ సంప్రదాయపు గిటార్లకు పెట్టు ఫ్రెంచి పాలిషు మార్గము వేఱు. మన దేశమున మోదుగ, రేగు చెట్లపై కీటకములు కూర్చిన లక్కను స్పిరిటులో కరగించి, గుడ్డయుండతో పలుచగా రుద్దుచు పోవుదురు. అక్కడ పూతయు మెఱుగును ఒకే చేతి కదలికలో పుట్టును. సౌందర్యమున దానికి సాటి లేదు గాని, చెమటకును సారాకును అది తాళలేదు.

మరల నైట్రోసెల్యులోజు ల్యాకరు మాటకు వచ్చినచో, దానికి పాలిషు ఎంచునప్పుడు సిలికోను లేనిదానిని ఎంచవలెనని పెద్దలు పట్టుబట్టుటకు కారణమున్నది. సిలికోను పగుళ్లలోనికి చేరినచో, తరువాత మరమ్మతునకై వేయు పూత అక్కడ అంటక గుంటలు పడును; క్రొత్త పూత పాతదానిలో కరగి కలిసిపోవుటచేతనే గదా, ఎన్నియేండ్లకైనను ఈ ల్యాకరును బాగుచేయుటకు వీలగుచున్నది.